వరద ఏడాది మా దుబాసి

పోయిన నెల కడపలో మా శిక్షణ కేంద్రంలో పాఠం చెబుతూ బోర్డు మీద ‘బెనిఫిషియరీ’ అని రాశాను. డిగ్రీ ముగించి, విదేశీ సహాయ సంస్థల్లో ఉద్యోగాల కోసం ఇంటర్వ్యూలకు తయారయ్యే పిల్లలు వాళ్లు. ఆ సంస్థల వాళ్లు వాడే ఇంగ్లీషు మాటలు నేర్పడం నా పని. ముందు బెంచీలో కూర్చున్న ఒంటిమిట్ట అమ్మాయి అడిగింది, “మేడం, దీన్ని తెలుగులో ఏమనల్ల?” అని.

“లబ్ధిదారు” అన్నాను. ఈ మాట వాడినందుకే ఒకప్పుడు నా మీద కోప్పడిన మనిషి గుర్తొచ్చింది. ఆమె పోయి అప్పటికి మూడు నెలలు.

ఆమెను అందరం ఆపా అని పిలిచేవాళ్లం. ముస్లిముల ఇళ్లలో అక్కను అట్లా పిలుస్తారు. కర్నూలులో ఒక బడిలో ఇంగ్లీషు టీచరుగా చేసి రిటైరయింది. పెళ్లి చేసుకోలేదు, చెల్లెలి ఇంట్లో ఉండేది. ఆమె వెనకటి సంగతులు నాకు అంతకుమించి తెలియవు. నేను ఆమెతో గడిపింది ఏడు నెలలే.

మాది మంత్రాలయం వైపు, తుంగభద్ర ఒడ్డున ఒక ఊరు. ఆ ఏడాది నది ఊర్లోకి వచ్చింది. మట్టిమిద్దెలన్నీ నాని కూలిపోయాయి. ఊరంతా ఎత్తున ఉన్న బడి చుట్టూ టార్పాలిన్ల కింద చేరింది. నెల తిరగకముందే ఒక విదేశీ సంస్థ వచ్చింది. నేనప్పుడు ఆదోనిలో డిగ్రీ రెండో ఏడు. ఊర్లో ఇంగ్లీషు చదివిన పిల్ల ఇదొక్కటే అని నన్ను ఫీల్డ్ అసిస్టెంటుగా తీసుకున్నారు. నాకు వచ్చిందల్లా పరీక్షలో రాసే ఇంగ్లీషు.

మొదటి రోజే తేలిపోయింది. ప్రోగ్రాం ఆఫీసరు ఒక పొడుగాటి తెల్లావిడ, ఎండకు ముక్కు ఎర్రగా కమిలి ఉండేది. మా ఊరివాళ్లు ఆమెను దొరసాని అనేవాళ్లు. ఒక టార్పాలిన్ కింద కూర్చున్న ముసలాయనను చూపించి, ఈయన బెనిఫిషియరీయేనా అని నన్ను అడిగింది. నేను వంగి, “తాతా, మీరు లబ్ధిదారులేనా?” అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించాడు. “కాదమ్మా. వాళ్లు మా ఊర్లో లేరు. పక్కూర్లో ఏమన్నా ఉండారేమో అడుగు” అన్నాడు.

కాదంట అని ఇంగ్లీషులో చెప్పాను. దొరసాని కాగితం మీద ఆయన పేరు కొట్టేయబోయింది. వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ఆ కలాన్ని ఆపింది. మగవాళ్ల గడియారం కట్టిన చెయ్యి, సంస్థకు దుబాసిగా వచ్చిన ఆపాది. ఆపా ముసలాయన ఎదురుగా నేల మీద కూర్చుని అడిగింది, “పెద్దాయనా, బియ్యం, దుప్పట్లు ఇచ్చేదానికి మీ పేరు రాసుకున్నారా?”

“రాసుకున్నారమ్మా, మొన్ననే.”

తిరుగు దారిలో జీపులో ఆమె నా వైపు చూడకుండానే అంది, “నీ మాటతో ఆయన బియ్యం పోతాండె. రేపట్నుంచి నా పక్కన కూచో.”

అట్లా నా చదువు మొదలైంది. కర్నూలు నుంచి మొదటి బస్సుకు వచ్చి, రోడ్డు మీద మా జీపు ఎక్కేది. ముందు సీటు ఖాళీగా ఉన్నా వెనకే కూర్చునేది. ముందు కూర్చుంటే జనం తనను కూడా ఆఫీసరు అనుకుంటారని ఆమె భయం. నూలు చీర, మోచేతులు దాటిన రవిక, తల మీద కొంగు. ఒళ్లో స్టీలు డబ్బా. అందులో రోజూ బొరుగులతో చేసిన ఉగ్గానే. డ్రైవరుకు, నాకు పెట్టకుండా తాను తినేది కాదు. తినడం అయ్యాక చేతులు కడుక్కుని, ఆ రోజు మాట ఒకటి అడిగేది.

“వల్నరబుల్. చెప్పు.”

“హాని కలిగే అవకాశం ఉన్నవాళ్లు, ఆపా.”

“అది పుస్తకంలో ఉండాది. మీ ఊర్లో ఎవురు? పేరు చెప్పు.”

నేను వెతుక్కునేదాన్ని. నీళ్లు వచ్చే చప్పుడు వినపడక, పొయ్యి ముందరే కూర్చుని ఉండిపోయి, ఎవరో ఎత్తుకొస్తే బతికిన చెవిటి సుంకమ్మ. పేరు చెప్పగానే ఆపా తల ఊపేది. ఇంక ఆ మాటకు తెలుగు నేను వెతుక్కోవలసిన పని ఉండేది కాదు.

డిస్‌ప్లేస్డ్ అన్న మాటకు, రెఫ్యూజీ అన్న మాటకు తేడా అడిగితే, “దేశం ఎల్లలు దాటినోళ్లు రెఫ్యూజీలు. దాటకుండా ఇల్లు పోగొట్టుకున్నోళ్లు డిస్‌ప్లేస్డ్. కాగితాలకు ఆ తేడా శానా ముఖ్యం. మీ అమ్మను అడిగితే రెండూ ఒకటే అంటాది. రెండూ నేర్చుకో” అంది. నీడ్స్ అసెస్‌మెంట్ అంటే, మీకేం కావాలి అని అడగడమే కదా అన్నాను. “అట్లా అడగొద్దు. ఏమేం పోయినాయని అడుగు. ఏం కావాలంటే మనిషి చిన్నబోతాడు, ఏం పోయిందంటే చెప్తాడు” అంది. ఆ తర్వాత నేను ఎక్కడ పనిచేసినా అట్లాగే అడిగాను. నిజమే, చెప్తారు.

ఒకసారి లారీలో ఆడవాళ్ల కోసం పెట్టెలు వచ్చాయి. సబ్బు, తువ్వాలు, లోపలి గుడ్డలు, నెలసరికి వాడేవి. పెట్టె మీద ‘డిగ్నిటీ కిట్’ అని ముద్ర. ఆపా ఒక పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది. పంచేటప్పుడు, ఆ పేరుకు తెలుగు చెప్పమని దొరసాని ఎంత అడిగినా, “ఆడోళ్ల సామాను, తీసుకోండమ్మా” అని మాత్రమే చెప్పింది. ఎందుకని తర్వాత అడిగితే, “మర్యాద మేం తెచ్చిస్తాండామని చెప్పేదానికి నాకు నోరు రాలే” అంది.

ఆమె దుబాసీ పనిలో అన్నిటికంటే వింతగా తోచింది ఇంకొకటి. ఎవరి మాట చెప్పినా ‘నేను’ అనే చెప్పేది. ఒక ముసలమ్మ, “నా కోళ్లు కొట్టుకపోయినాయి” అంటే, ఆ ముసలమ్మ కోళ్లు కొట్టుకుపోయాయట అని చెప్పేది కాదు. నా కోళ్లు కొట్టుకుపోయాయి అనే ఇంగ్లీషులో చెప్పేది, ఆ ముసలమ్మ మొహం ఎట్లా ఉంటే తన మొహం అట్లాగే పెట్టుకుని. దొరసాని మొదట్లో, ఈమెకు ఇన్ని కోళ్లు ఎక్కడివి అని తికమకపడింది. దొరసాని మాటలు కూడా అంతే. “నాకు విచారంగా ఉండాది” అని ఆపా అంటే, ఆడవాళ్లు ఆమె చెయ్యి పట్టుకుని, “నువ్వేం చేస్తావు తల్లీ” అనేవాళ్లు.

“ఆమె అంటాండాది, ఈమె అంటాండాది అని చెప్తే సరిపోదా ఆపా?” అని అడిగాను.

“అంట అనేసరికి ఆ మనిషి అవతలికి పోతాది. నేను అడ్డం నిలబడినట్ల అయితాది” అంది. ఒక మాట కలపకూడదు, ఒక మాట మింగకూడదు. ఇది ఆమె నియమం. తిట్టినా సరే, ఆ తిట్టును అట్లాగే ఇంగ్లీషులో పెట్టేది.

ఆ నియమం దగ్గరే మా ఇద్దరికీ చెడింది.

ఎత్తు మీద కొత్త ఇళ్లు కట్టిస్తామని సంస్థ చెప్పింది. ఇంటింటికీ ఫారాలు. ఇంటివాళ్లు తెలుగులో చెప్పేది ఆపా విని ఇంగ్లీషులో రాయాలి. ఆ ఫారాలు ఢిల్లీ ఆఫీసుకు పోయి, అక్కడ జాబితా తయారవుతుంది. సంస్థలో పనిచేసేవాళ్ల కుటుంబాలకు ఇల్లు ఉండదని రెండు రోజుల ముందే నాకు ఆఫీసులో తెలిసింది. దానికొక మాట ఉంది, కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్. తన మనిషికి తానే వడ్డించుకోకుండా చూసే నియమం అని ఆపా చెప్పింది. నా పని ఇంకో మూడు నెలలు. తర్వాత నేనూ, అమ్మా, తమ్ముడూ అదే టార్పాలిన్ కింద. నాన్న సుగ్గికి, అంటే మిరప కోతల కూలికి, గుంటూరు పోయి ఉన్నాడు.

మా ఇంటి ఫారం రాసేటప్పుడు నేను అక్కడ ఉండకూడదని ఆపా నన్ను బయటికి పంపింది. టార్పాలిన్ అవతల నిలబడి విన్నాను. ఇంట్లో ఎవరు సంపాదిస్తారని అడిగితే అమ్మ చెప్పింది, “మా ఆయన సుగ్గికి పోయినాడు. మా పెద్దపాప మీ ఆఫీసులోనే చేస్తాండాది కదా, నీకు తెలీదా ఆపా?” అది విన్నాక ఇంకేమీ వినబుద్ధి కాలేదు. అక్కడినుంచి వెళ్లిపోయాను.

సాయంత్రం జీపు ఎక్కేముందు ఆపాను పక్కకు పిలిచాను. “ఆ ఒక్క మాట రాయొద్దు ఆపా. ఢిల్లీలో వాళ్లకు మా ఇల్లేదో తెలీదు.”

“రాసేసినా బేటా.”

“కొట్టేయండి.”

“మీ అమ్మ చెప్పింది. ఆయమ్మ చెప్పిన మాట నేనెట్లా మింగేది?”

“మీకు ఇల్లుండాది కదా, అందుకే అట్లా అంటాండారు” అన్నాను. ఆ మరుసటి రోజు నుంచి నేను జీపులో ముందు సీట్లో కూర్చున్నాను. ఉగ్గాని డబ్బా తెరిచినప్పుడు డ్రైవరు చేత నాకు పంపేది. వద్దనేదాన్ని. మాట అడగడం ఆమె మానేసింది.

మూడు వారాలకు జాబితా వచ్చింది. బడి వరండాలో దొరసాని నిలబడి పేర్లు చదివింది. దూరంగా రావి, కంపచెట్లు, ఇంకా బురద తేరని ఊరు కనబడుతున్నాయి. చెవిటి సుంకమ్మ పేరు వచ్చింది. ముసలాయన పేరు వచ్చింది. మా పేరు రాలేదు. ఇంకా పదిపదిహేను ఇళ్లవాళ్ల పేర్లూ రాలేదు, వాళ్ల వాళ్ల కారణాలకు.

అన్ని కుటుంబాలూ నిబంధనలకు సరిపోలేదు, విచారిస్తున్నాను అని దొరసాని ఇంగ్లీషులో చెప్పింది. ఆపా జనం వైపు తిరిగింది. “మీలో కొందరికి నేను ఇల్లు ఇయ్యలేకపోతాండా. నాకు బాధగా ఉండాది” అంది.

వెనకనుంచి ఒకామె లేచింది. “నీకెందుకు బాధ? నీ ఇల్లు మునగలేదు కదా.” ఆపా దొరసాని వైపు తిరిగి అదే గొంతుతో ఇంగ్లీషులో అంది. నీకెందుకు బాధ, నీ ఇల్లు మునగలేదు కదా అని. దొరసాని మొహం పాలిపోయింది.

ఇంకొకాయన నేరుగా ఆపానే అన్నాడు. “పేర్లు రాసుకునేటప్పుడు నేల మీద కూచొని తియ్యగా మాట్లాడితివి. ఇప్పుడు గొంతు కోస్తివి. నువ్వూ వాళ్ల మనిషివే.” దాన్ని కూడా ఒక్క మాట వదలకుండా ఆమె ఇంగ్లీషులో చెప్పింది. తన మీద వేసిన నింద తానే దొరసానికి వినిపించింది. చెప్పేటప్పుడు గడియారం ఉన్న చెయ్యి కొంగును పిడికిలిలో పట్టుకుని ఉండడం నేను చూశాను.

అమ్మ ముందు వరుసలో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

అప్పుడు ఆపా రెండడుగులు పక్కకు వేసింది. జనానికీ దొరసానికీ మధ్య నిలబడే మనిషి, వచ్చి దొరసాని ఎదురుగా నిలబడింది. ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది. ఇంతవరకు మాట్లాడింది వీళ్లు, ఇప్పుడు మాట్లాడేది నేను అని.

జనానికి అర్థం కాలేదు. “ఏమంటాండాది ఆపా?” అని అడిగారు. ఎవరిని అడిగినట్టు? ఇంకొక దుబాసి లేడు. దొరసాని నా వైపు చూసింది. జనమూ నా వైపు చూశారు.

నేను లేచాను. “ఆపా ఏమంటాండాదంటే...” అని మొదలుపెట్టాను. ఆమె ఆగి నా వైపు చూసింది. మూడు వారాల్లో అదే మొదటిసారి ఆమె కళ్లలోకి చూడడం. నేను మళ్లీ మొదలుపెట్టాను.

“ఇప్పుడు మాట్లాడేది నేను. నేను ఒక మాట అడగల్ల.”

ఆమె ఒక్కో వాక్యం చెప్పి ఆగింది. నేను ఒక్కో వాక్యం తెలుగులో పెట్టాను.

“ఈ ఊర్లో ఒక పిల్లను పనికి పెట్టుకున్నారు. ఈ ఊరి పిల్ల అనే పెట్టుకున్నారు. ఆ పిల్ల పని ఇంగ రెండు నెల్లు. ఇప్పుడు రాకుంటే ఆ తల్లికి బతికినన్నాళ్లు ఇల్లు ఉండదు. ఆ తల్లిని నేను అడిగితి, ఆయమ్మ నిజం చెప్పింది. దాచింటే ఇల్లు వచ్చుండు. నిజం చెప్పినందుకు ఇల్లు పోయిందంటే, రేపు ఈ ఊర్లో ఎవురూ మీకు నిజం చెప్పరు. నేను మళ్లా ఎవురినీ అడగలేను.”

నన్ను గురించి నేనే ‘ఆ పిల్ల’ అనాల్సి వచ్చింది. మా అమ్మ ఎదుట, మా అమ్మను ‘ఆ తల్లి’ అనాల్సి వచ్చింది. ‘దాచింటే’ అన్న మాటను నేల వైపు చూస్తూ చెప్పాను. దాచమన్నది నేను. ఆ సంగతి ఆమె చెప్పలేదు. చెప్పుంటే దాన్ని కూడా నేనే తెలుగులో చెప్పాల్సి వచ్చేది. ఆమె దాన్ని వదిలేసిందని నాకు తెలుసు, ఆమెకు తెలుసు.

దొరసాని చెడ్డ మనిషి కాదు. అంతా రాసుకుంది. పై ఆఫీసుకు పంపుతానంది. వారానికి జవాబు వచ్చింది. నియమం మారదు. దానితోపాటు ఇంకో కాగితం. దుబాసి తటస్థత కోల్పోయింది గనుక ఆమె సేవలు ఇక అవసరం లేదని.

న్యూట్రాలిటీ అన్న మాటను ఆపా నాకు ఆ రోజే నేర్పింది, తన చేతిలోని ఆ కాగితం చూపించి. “ఎవురి పక్కా నిలబడకుండా ఉండేది. వాళ్లు రాసింది తప్పు కాదు బేటా. ఆ పొద్దు నేను ఒక పక్క నిలబడితి.”

ఆమె స్థానంలో ఒక కుర్రాయన వచ్చాడు. ఇంగ్లీషు బాగానే వచ్చు, ‘అంట’ అనే చెప్పేవాడు. మా ఇల్లు మూడేళ్ల తర్వాత ప్రభుత్వ పట్టా వచ్చి, నా జీతం తోడై లేచింది. ఆపాను నేను తర్వాత రెండుసార్లే చూశాను, రెండూ కర్నూలులో, ఆమె చెల్లెలి ఇంట్లో. టీ ఇచ్చింది, నా ఉద్యోగం గురించి అడిగింది, వరద ఏడాది మాట మేమిద్దరం ఎత్తలేదు. కానీ ఆమె అనగానే నాకు కనబడేది ఆ ఇల్లు కాదు. మా ఊరి రోడ్డు మీద బస్సు ఆగే చోటు.

ఆమె వెళ్లిపోయే రోజు అమ్మ సద్ద రొట్టెలు, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి కట్టుకుని, నన్ను తీసుకుని రోడ్డు దాకా వచ్చింది. దాచమని అడిగింది నేనేనని ముందు రాత్రే అమ్మకు చెప్పేశాను. అమ్మ నన్ను తిట్టలేదు. “నేను చెప్పిందే కదా ఆయమ్మ రాసింది” అంది, అంతే.

ఆపా సంచిలోనుంచి ఒక కాగితం తీసింది. మా ఇంటి ఫారం నకలు. “ఇది నీ దగ్గర ఉండల్ల. నువ్వు చెప్పిన మాటలు” అని అమ్మకు ఇచ్చింది.

అమ్మ దాన్ని పట్టుకుని చూసింది. “నాకేం తెలుస్తాది? నువ్వే చదువు.”

రాయి మీద పక్కపక్కన కూర్చున్నారు. ఆపా ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చదివింది, ‘నేను’ అంటూనే. నా ఇల్లు మట్టిమిద్దె. నా దగ్గర రెండు మేకలు ఉండె, ఒకటి పోయింది. నేను పొయ్యి రాళ్లు కూడా తెచ్చుకోలేకపోతి. నా భర్త సుగ్గికి పోయినాడు. నా పెద్దపాప మీ ఆఫీసులోనే చేస్తాండాది. అమ్మ ప్రతి మాటకూ తల ఊపింది. అంత శ్రద్ధగా అమ్మ దేన్నీ వినడం నేను చూడలేదు.

చదవడం అయిపోయింది. అమ్మ అంది, “ఇంకొకటి చెప్పితి. అది లేదే.”

ఆపా కాగితాన్ని అమ్మ చేతికి ఇచ్చింది.

“మాకు రెక్కలుండాయి, ఎట్లోకట్ల కట్టుకుంటాము, రెక్కలు లేనోళ్లకు ముందు కట్టమని చెప్పితి కదా. నువ్వు రాసుకుంటాండావనే అనుకుంటి.”

“చెప్పినావు” అంది ఆపా. “రాయలే.”

“ఎందుకు?”

“రాసింటే మీ పేరు అప్పుడే కొట్టేస్తుండ్రి.”

నేను ఆమె మొహం చూడలేకపోయాను. ఒక్క మాట మింగమని నేను అడిగిన రోజే, అడగక ముందే, ఆమె మా కోసం ఒక మాట మింగి ఉంది. దానివల్ల మాకేమీ దక్కలేదు కూడా.

అమ్మ మెత్తబడుతుందనుకున్నాను. అమ్మకు కోపం వచ్చింది. ఇల్లు రాలేదని తెలిసిన రోజు కూడా రాని కోపం. “అది నా మాట ఆపా. ఇల్లు ఇచ్చేది ఇయ్యనిది వాళ్లిష్టం. నా మాట ఎందుకు తీసేస్తివి?”

“తప్పే” అంది ఆపా.

దూరంగా మలుపులో బస్సు కనబడింది. ఆపా అమ్మ చేతిలోని కాగితం తీసుకుని, సంచిలో కలం కోసం వెతికింది. ఉగ్గాని డబ్బా మూత మీద కాగితం పెట్టి, కింద మిగిలిన ఖాళీలో రాయడం మొదలుపెట్టింది. బస్సు వచ్చి ఆగింది. కండక్టరు, “రావమ్మా, టైమైతాంది” అన్నాడు. అమ్మ ఆయనకు చెయ్యి అడ్డం పెట్టి, “ఉండప్పా, రాస్తాండాది” అంది.

ఆ ఫారం ఇంక ఎవరికీ పోదు. చూసేవాళ్లు లేరు. అయినా ఆపా తొందరపడకుండా రెండు వరసలు రాసింది, కింద తేదీ వేసింది.

“ఇప్పుడు చదువు” అంది అమ్మ.

“నాకు రెక్కలుండాయి” అని చదివింది ఆపా. “నేను ఎట్లోకట్ల కట్టుకుంటా. రెక్కలు లేనోళ్లకు ముందు కట్టండి.”

“ఆ” అంది అమ్మ. కాగితం మడిచి రవికలో పెట్టుకుని, రొట్టెల మూట ఆపా ఒళ్లో పెట్టి, లేపి బస్సు ఎక్కించింది.